యమపటం నుంచి పెర్సా పేన్ దాకా: ఉత్తర తెలంగాణలో చావు కథ చెప్పే హక్కు

ఆప్తులను పోగొట్టుకున్న మనిషి ముందు కొన్ని బొమ్మలను వరుసగా పరిచి, వాటిని చూపిస్తూ పోయినవారి గురించీ మిగిలినవారి గురించీ మాట్లాడే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఇప్పటి నగరాల్లో దానికి ఎక్కువగా వినిపిస్తున్న పేరు టారో. 78 కార్డులుండే ఈ పేక 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ రాజాస్థానాల్లో కేవలం ఆటగా పుట్టింది. 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి రచయిత దాన్ని ప్రాచీన ఈజిప్టు విద్యగా ఊహించి రాసిన తరువాతనే అది జోస్యానికి సాధనంగా పేరు తెచ్చుకుంది. 1909లో లండన్‌లో ఆర్థర్ వెయిట్ సూచనల ప్రకారం పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మలతో, నేడు ఎక్కువమంది ఎరిగిన రూపం స్థిరపడింది. ఆ బొమ్మల్లో ఒకదానిలో నల్లని నిలువుటంగీ కప్పుకున్న మనిషి, ఒలికిపోయిన మూడు గిన్నెల వైపు తలవంచి నిలబడి ఉంటాడు. ఒలకని రెండు గిన్నెలు అతని వెనుక ఉంటాయి, అతడు వాటిని చూడడు. దుఃఖంలో ఉన్నవారికి ఈ బొమ్మ ఎందుకు పట్టుకుంటుందో వివరించి చెప్పనక్కరలేదు. అయితే ఆ కార్డు తీసినవారికి, దాన్ని చదివి చెప్పేవారికి మధ్య పూర్వసంబంధం ఏదీ ఉండనవసరం లేదన్న సంగతిని మాత్రం ప్రత్యేకంగా గుర్తించాలి, ఎందుకంటే ఉత్తర తెలంగాణ చరిత్ర సరిగ్గా అక్కడే వేరే దారి పట్టింది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బొమ్మల పటాలు ఉండేవి, దేవతల బొమ్మలున్న పేకలు ఉండేవి, యముడికి గుడి కూడా ఉంది. కాని చావు గురించి చెప్పే అధికారం బొమ్మకు గాని, దాన్ని యాదృచ్ఛికంగా చదివిన పరాయివాడికి గాని దక్కలేదు. అది వంశపారంపర్యంగా ఒక కులానికో, ఒక వంశానికో కట్టుబడిన కథకుడి హక్కుగా ఉండిపోయింది.

బొమ్మతో చావును చెప్పడం ఈ దేశంలో చాలా పాతది. 7వ శతాబ్దపు బాణభట్టు రాసిన హర్షచరితంలో, తండ్రి ప్రభాకరవర్ధనుడు మరణశయ్య మీద ఉన్నాడని తెలిసి హర్షుడు ఆత్రంగా రాజధానికి తిరిగి వస్తున్నప్పుడు, అంగడివీధిలో ఒక యమపట్టికుడు కనిపిస్తాడు. యమపట్టికుడంటే యమలోకపు దృశ్యాలు రాసిన గుడ్డపటాన్ని కర్రకు వేలాడదీసి, పుల్లతో ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ పాపపుణ్యాల ఫలితాన్ని వివరించే సంచారి. చుట్టూ పిల్లలు మూగి ఉండగా, అతని పటంలో భయంకరమైన దున్నపోతు మీద యముడు కూర్చుని ఉన్నాడని బాణుడు వర్ణించాడు. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో చాణక్యుడి గూఢచారి ఇదే వేషంలో, యమపటం పట్టుకుని పాడుతూ, అనుమానం రాకుండా ఇళ్లలోకి వెళ్తాడు. ఆ వృత్తి ఎంత మామూలుదో, ఏ గడపనైనా ఎంత తేలికగా దాటగలిగేదో దీన్నిబట్టి ఊహించవచ్చు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడి పేర వెలసిన మానసోల్లాసం బొమ్మలు చూపి కథ చెప్పేవాణ్ని చిత్రకథకుడని ప్రత్యేకంగా పేర్కొంది. కరీంనగర్ ప్రాంతం కొంతకాలం ఆ రాజ్యంలో భాగమే గనుక, పటంకథ ఇక్కడికి ఎక్కడి నుంచో ఆలస్యంగా వచ్చిన విద్య అనుకోవడానికి ఆధారం లేదు.

గుడ్డపటాలు చీకిపోతాయి, రాళ్లు మిగులుతాయి. తెలంగాణ పల్లెల్లో చెరువుకట్టల మీదా ఊరి పొలిమేరల్లోనూ కనిపించే వీరగల్లులు, అంటే పోరులో గాని, పశువులను కాపాడబోయి గాని చనిపోయినవారి పేర నిలిపిన స్మారకశిలలు, బొమ్మల వరుసతో చావును చదివించిన అతిపాత సాక్ష్యాలు. వాటిలో చాలావరకు మూడు అంతస్తులుంటాయి: కింద పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ని పైకి తీసుకుపోవడం, పైన శివలింగం ముందు అతడు చేతులు జోడించి కూర్చోవడం. చదవవలసింది కింది నుంచి పైకి. ఇంట్లోవాళ్లు కళ్లారా చూసిన నెత్తుటి దృశ్యం నుంచి వాళ్లు చూడలేని దృశ్యం దాకా ఆ రాయి చూపును క్రమంగా ఎత్తుతుంది. శిల్పికి వీరుడి ముఖపోలికలతో పెద్దగా పనిలేదు. ఆ వరుస చెదరకుండా ఉంటే చాలు. తరాలు గడిచి చనిపోయింది ఎవరో మరచిపోయాక కూడా జనం ఆ రాళ్లకు పసుపు పూసి, బొట్టు పెట్టి, గ్రామదేవతలతో సమానంగా కొలుస్తూ వచ్చారు.

యముడికి ఈ ప్రాంతంలో ఉన్న స్థానం మరింత ఆసక్తికరమైనది. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి లక్ష్మీనరసింహ క్షేత్రంలో యమధర్మరాజుకు ప్రత్యేకమైన ఆలయం ఉంది. దేశంలో ఇటువంటివి అరుదు. ధర్మపురికి పోయినవాడికి యమపురి ఉండదన్న నానుడి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు. నది వెంట ఇంకా దిగువకు, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి: ఒకటి కాలుడిది, అంటే యముడిది, రెండోది ముక్తేశ్వరుడిది. అస్థికలు కలపడానికీ పిండాలు పెట్టడానికీ వచ్చినవారు అక్కడ చావు దేవుడికీ విడుదల దేవుడికీ ఒక్కచోటే నీళ్లు పోస్తారు. యముణ్ని వెళ్లగొట్టవలసిన శత్రువుగా చూడకుండా, పూజలో భాగం ఇచ్చి శివుడి పక్కన కూర్చోబెట్టిన ఈ ఏర్పాటులో, పోయినవారి విషయమై ఈ నేల తీసుకున్న నిర్ణయం ఒకటి కనిపిస్తుంది: చావుతో తగవు పెట్టుకోవడం కన్నా దానికి ఒక చోటు కేటాయించడం మేలని.

తెలంగాణ పటాల్లో యముడు అందరికన్నా స్పష్టంగా కనిపించేది పద్మశాలీల పటంలో. పటమంటే ఇక్కడ సుమారు మూడడుగుల వెడల్పుతో, ముప్పై నుంచి అరవై అడుగుల దాకా పొడవు సాగే చుట్ట. దాన్ని గీసేవారిని నకాషీలంటారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల పేరుతో ఈ కళ ప్రసిద్ధమైంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద, ఉడుత వెంట్రుకల కుంచెతో అడ్డవరుసలుగా బొమ్మలు వేస్తారు. హైదరాబాదులోని జగదీశ్ అండ్ కమల మిత్తల్ మ్యూజియంలో ఉన్న 1625 నాటి పటం ఈ సంప్రదాయంలో తేదీ తెలిసిన అతిపాత ఉదాహరణ. అది పద్మశాలీల పురాణానికి చెందినదే. ఆ పురాణాన్ని చెప్పేవారు కూనపులివారు, అంటే పద్మశాలీలనే ఆశ్రయించి బతికే కథకుల కులం.

ఆ కథలో పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడు, పదహారేళ్లకే చావు రాసిపెట్టి ఉన్న పిల్లవాడు. గడువు తీరిన నాడు అతడు శివలింగాన్ని రెండు చేతులతో కౌగిలించుకుంటాడు, దున్నపోతు మీద వచ్చిన యముడు పాశం విసురుతాడు, లింగం చీల్చుకుని శివుడు బయటికి వస్తాడు. పటం మీద ఈ మూడు కదలికలనూ నకాషీ ఒకే గడిలో ఇరికిస్తాడు, దాంతో పాశం పిల్లవాడి మెడ మీదా లింగం మీదా ఒకేసారి పడ్డట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి కథ మార్కండేయుడి కొడుకు భావనారుషి వైపు తిరుగుతుంది: అతడు తామరతూడు నారతో దేవతలకు తొలిసారి వస్త్రం నేస్తాడు, ఒక రాక్షసుణ్ని చంపి అతని దేహం నుంచి అద్దకపు రంగులు సంపాదిస్తాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు, ఆ సంతానం నుంచి గోత్రాలు పుడతాయి. మరణం తప్పిపోయిన ఒక క్షణం నుంచి నూలు, రంగు, పెళ్లి, వంశం అన్నీ వరుసగా బయలుదేరతాయన్నమాట. చావును గురించి ఇంత లోతైన నిర్మాణం ఉన్న కులపురాణం తెలుగులో మరొకటి ఉందనుకోవడం కష్టం. సిరిసిల్ల, కరీంనగర్ నేతవాడల్లో కూర్చుని దీన్ని విన్నవారు ఓదార్పు కోసమే వచ్చినవారు కారు. కథకుల బృందం ఏడాదికో రెండేళ్లకో ఊరికి వచ్చినప్పుడు కులమంతా కలిసి వినేది. అయినా ఆ ఏడాది ఎవరింట్లోనైనా పిల్లవాడు పోయి ఉంటే, ఆ గడి దగ్గర పటం ఆగినప్పుడు ఆ ఇంటివాళ్లు దాన్ని ఇతరులు చూసినట్టు చూసి ఉండరు.

కథ చెప్పే తీరులో ఒక సూక్ష్మం ఉంది. పటాన్ని గుంజలకు కట్టి, మొదటి గడిలోని వినాయకుడి దగ్గర మొదలుపెట్టి, కథ నడిచిన కొద్దీ కొంచెం కొంచెంగా విప్పుతూ పోతారు. ప్రధాన కథకుడు కర్రతో బొమ్మను తాకి చూపిస్తాడు, వంతపాడేవాళ్లు రాగం అందుకుంటారు. రాబోయే గడి చుట్టలోనే ఉంటుంది. వరుస ఏమిటో వినేవారికి ముందే తెలుసు, అయినా విప్పే చెయ్యి కథకుడిది. టారో పేకను కలిపినప్పుడల్లా వరుస మారుతుంది, ఆ మార్పులోనే చదివించుకునేవారు తమకోసం వచ్చిన మాటను వెదుక్కుంటారు. పటంలో వరుస ఎన్నటికీ మారదు, మార్కండేయుడు ప్రతిసారీ బతుకుతాడు. దుఃఖంలో ఉన్నవారికి ఆశ్చర్యం కన్నా ఈ మారకపోవడమే ఎక్కువ ఆసరా ఇచ్చి ఉంటుందని భావించడం సబబు.

కూనపులివారికి పద్మశాలీలతో ఉన్న సంబంధం వంటిదే మరికొన్ని కులాల మధ్య కూడా ఉండేది: ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, చాకలివారికి మడేల్ పురాణం చెప్పే పటంవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, గొల్లలకు చెక్కబొమ్మలు చూపి కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు. వీరిని ఆశ్రిత కులాలంటారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో మిరాశి నిర్ణయిస్తుంది. మిరాశి అంటే వంశపారంపర్యంగా వచ్చే వసూలు హక్కు, దాన్ని పంచుకోవచ్చు, కూతురి పెళ్లికి కట్నంగా ఇచ్చుకోవచ్చు. పోషక కులం ఇచ్చే ధాన్యాన్నీ, డబ్బునూ, పశువునూ త్యాగం అంటారు; దాన్ని దానమనుకుంటే కథకులు ఒప్పుకోరు, అది తమకు రావలసిన బాకీ అంటారు. త్యాగం ఎగ్గొట్టిన ఊళ్లో కథకులు నిరసనకు దిగి, కులపెద్దలను సిగ్గుపడేట్టు చేసి రాబట్టుకునేవారు. కథ చివర ఇచ్చినవారి గోత్రాలనూ ఇంటిపేర్లనూ చదువుతారు. ఒక ఇంటి పెద్దలను పేరుపేరునా ఎరిగి, మళ్లీ వచ్చినప్పుడు ఎవరు తగ్గారో గుర్తించగలిగిన మనిషి నోట వచ్చిన పురాణానికీ, అదే పురాణాన్ని పుస్తకంలో చదువుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యవస్థను చూస్తేనే అంచనా వేయగలం.

పటానికి కూడా ఆయుష్షు ఉంది. నకాషీ ఇంట్లో మంచిరోజు చూసి పని మొదలవుతుంది, చివరగా కళ్లు దిద్దడంతో బొమ్మకు ప్రాణం వచ్చినట్టు లెక్క. ఏళ్ల తరబడి విప్పి చుట్టి, రంగు రాలి, గుడ్డ చిల్లులు పడ్డాక, దాన్ని పారెయ్యరు. మనిషికి చేసినట్టే విధులు జరిపి నదిలో కలుపుతారు. కథకుడు ఆ తరువాతనే కొత్త పటంతో ఊళ్లు తిరగాలి. పాత పటాలు మ్యూజియంలలో ఎందుకు ఇంత తక్కువగా దొరుకుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కళ్లు దిద్దడం మీద ఇటువంటి నమ్మకమే సంతాల్ పరగణాల్లో నేరుగా దుఃఖానికి సంబంధించిన వృత్తిగా మారింది: అక్కడి జాదూ పటువాలు చావు జరిగిన ఇంటికి పోయినవారి బొమ్మను కనుపాపలు లేకుండా గీసి తెస్తారు, చూపులేక పరలోకంలో తిరుగుతున్నారని చెప్పి, ఇంటివాళ్లు ప్రతిఫలం ఇచ్చాక కళ్లు దిద్దుతారు. తెలంగాణలో అటువంటి వృత్తి పుట్టలేదు, ఎందుకంటే ఇక్కడ పటం మీద ఉన్నది కులం మొత్తానికి చెందిన పూర్వికుడు, ఒక ఇంటి మృతుడు కాడు.

పేకల విషయానికి వస్తే, నిర్మల్ చరిత్రలో విశేషమైన సమాచారం ఉంది. 17వ శతాబ్దపు పాలకుడు నిమ్మనాయుడి పేరుతో ముడిపడిన ఈ పట్టణం పొనికి చెక్క బొమ్మలకూ బంగారు రంగు చిత్రాలకూ ప్రసిద్ధం. ఇక్కడి నకాషీలు ఒకప్పుడు గంజీఫా పేకలు కూడా తయారుచేశారు. గంజీఫా పారసీక దేశం నుంచి వచ్చిన ఆట. 1527లో బాబరు సింధులోని మిత్రుడికి ఒక పేక పంపినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. మొగలు పేకలో 8 రంగులకు 96 కార్డులు. హిందువుల కోసం మలచిన దశావతార పేకలో 10 అవతారాలకు, ఒక్కోదానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు కలిపి 12 చొప్పున 120 కార్డులు, గుండ్రంగా, లక్క మెరుపుతో ఉంటాయి. పగలు ఆడితే రాముడి కార్డున్నవాడు, రాత్రి ఆడితే కృష్ణుడి కార్డున్నవాడు ఆట మొదలుపెట్టాలన్న నియమం ఉంది. టారోకు ఉన్న సరంజామా అంతా దీనికీ ఉంది: దేవతామూర్తులు, క్రమసంఖ్యలు, కాలంతో సంబంధం, అరచేతిలో ఇమిడే బొమ్మ. అయినా ఇది జోస్యపు పేకగా మారలేదు. పారిస్‌లో 18వ శతాబ్దపు చివర టారోను జోస్యానికి తిప్పినవారికి ఒక ఖాళీ దొరికింది, పాత మతవిధుల మీద నమ్మకం సడలిన నగరవాసులు కొత్త పద్ధతి కోసం వెదుకుతున్నారు. నిర్మల్ చుట్టుపక్కల ఆ ఖాళీ లేదు. రాబోయేది చెప్పడానికి ఒకరు, పోయినవారిని తలవడానికి ఒకరు అప్పటికే నియమితులై ఉన్నారు. గంజీఫా కాలక్షేపంగానే ఉండి, అచ్చు పేకముక్కలు చవకగా వచ్చాక కనుమరుగైంది.

రాబోయేది చెప్పే ఆ పద్ధతులను కూడా క్లుప్తంగా చూడాలి. చావు జరిగిన ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న పంచాంగానికి సంబంధించినది: పోయిన గడియ మంచిదేనా? ధనిష్ఠ మొదలుకొని అయిదు నక్షత్రాల్లో ప్రాణం పోతే ధనిష్ఠా పంచకమని, ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలని పురోహితుడు చెప్తాడు. దుఃఖంతో పాటు ఇల్లు కూడా వదలవలసి వచ్చిన కుటుంబాలకు ఈ నియమం పెనుభారమే అయినా, అదుపులేని సంఘటనకు అది ఒక గడువును ఇచ్చిందన్నది కూడా నిజం. సోది వేరే రకం: ఎరుకల స్త్రీ చాటలో బియ్యం పోసి, దేవతలను పేరుపేరునా పిలిచి, అడిగినవారి చెయ్యి పట్టుకుని చెప్పే మాటల్లో పోయినవారే వచ్చి మాట్లాడతారని నమ్మేవారు. ఇక టారోకు పైకి దగ్గరగా కనిపించే చిలక జోస్యంలో, పంజరం తలుపు తీయగానే రామచిలుక బయటికి వచ్చి, పేర్చిన కార్డుల మీద ముక్కుతో వెదికి, ఒకదాన్ని లాగి, గింజ తీసుకుని లోపలికి వెళ్తుంది. జోస్యుడు అందులోని దేవుడి బొమ్మను చూపి ఫలం చదువుతాడు. ఇది జాతరల్లో, గుళ్ల ముందు, పెళ్లి కోసమో ఉద్యోగం కోసమో అడిగేది. చావు జరిగిన ఇంటి గడపలోకి దానికి ప్రవేశం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం చిలుకలను బంధించడాన్ని నేరం చేశాక అది వీధుల్లోంచి కూడా తగ్గిపోయింది.

దుఃఖం ఉన్న ఇంట్లో నిజంగా జరిగే పని దినాలది. మూడో నాడు పిట్టకు పెడతారు, అంటే పోయినవారికి ఇష్టమైనవి వండి ఆరుబయట పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏ కోరిక మిగిలిపోయిందోనని ఒక్కొక్కరే ముందుకు వచ్చి, బిడ్డ పెళ్లి చేస్తామనో, అప్పు తీరుస్తామనో మాట ఇస్తారు. ఆడవాళ్లు శోకాలు తీస్తారు: పోయినవారిని వరుసపెట్టి పిలుస్తూ, కాపురానికి వచ్చిన నాటి నుంచి జరిగినవన్నీ రాగంలో చెప్పుకుంటూ, ఒక జీవితాన్ని అందరి ముందూ కథగా నిలబెడతారు. పెద్దకర్మ రాత్రి ఒగ్గు కథో శారద కథో చెప్పించడం కరీంనగర్ పల్లెల్లో బాగా వ్యాపించిన ఆచారం. ఆ కథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథల నడుమ పోయినవారి పేరును, వారి కష్టాలను కలిపి పాడినప్పుడు, ఇంటి మనిషి పురాణంలోకి నడిచినట్టవుతుంది. భాద్రపద అమావాస్యను పెత్తరమాస అంటారు. ఆ పొద్దున పెద్దల పేర బియ్యం, కూరగాయలు ఇచ్చిన చేతులతోనే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుతారు. నూరుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డను బతుకమ్మా అని దీవించారన్న కథ ఒకటి ఆ పండుగకు ఉంది గనుక, రెండు పనులూ ఒకే రోజున పడటంలో వైరుధ్యం ఎవరికీ తోచదు.

ఆదిలాబాద్ అడవుల్లోని రాజగోండుల దగ్గర బొమ్మ అసలే లేదు, కథకుడి హక్కు మాత్రం అన్నిటికన్నా బలంగా ఉంది. గోండు సమాజం నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులుగా నాలుగు సగలుగా విడివడింది; సగ అంటే ఒకే పూర్వికుల నుంచి వచ్చిన గోత్రాల సమూహం, దాని లోపల పెళ్లి నిషిద్ధం. ప్రతి గోత్రానికీ పెర్సా పేన్ అనే పెద్ద దేవుడు ఉంటాడు. ఆ దేవుడికి మనిషి రూపం ఉండదు. ఆయనకు గుర్తులైన ఇనుప బల్లెపు మొననూ చామరాన్నీ గుడ్డలో చుట్టి ఊరికి దూరంగా చెట్టు మీద భద్రపరుస్తారు, ఏడాదిలో నిర్ణీత కాలాల్లోనే దించి పూజిస్తారు. చనిపోయినవారిని ఈ పూజల్లో దేవుడికి అప్పగించి, పూర్వికులతో కలుపుతారు. అంత్యక్రియ ముగిసినంత మాత్రాన చనిపోయినవారి ప్రయాణం ముగియదు, పెర్సా పేన్‌లో కలిసినప్పుడే ముగుస్తుంది. ఈ నడిమి కాలంలో కుటుంబం దుఃఖించడానికి సంఘమే గడువు ఇచ్చినట్టు.

ఆ కలయికను జరిపించేవాడు ప్రధాన్. ప్రధాన్లూ తోటీలూ గోండు గోత్రాలకు కట్టుబడిన వంశకథకులు. మూడు తీగల కిక్రీని కమానుతో వాయిస్తూ, గోత్రం ఎలా పుట్టిందో, పూర్వికులు ఏ కొండలు దాటి వచ్చారో, దేవుడు ఎవరికి ఎలా దొరికాడో రాత్రంతా పాడతారు; వారు లేకుండా పెర్సా పేన్ పూజ సాగదు. పోయినవారి బట్టలూ కొన్ని వస్తువులూ ప్రధాన్‌కు దక్కే ఆచారం వెనుక, ఆ మనిషి గుర్తులను మోయడానికి తగినవాడు అతడేనన్న భావన ఉంది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు 1940లలో ఈ ఊళ్లలో ఉండి, 1948లో ఆదిలాబాద్ రాజగోండుల పురాణాలూ క్రతువుల మీద ప్రచురించిన పుస్తకం ప్రధాన్ల నోటి సాహిత్యం మీదనే చాలావరకు ఆధారపడింది. ఆయన భార్య ఎలిజబెత్ 1987లో చనిపోయినప్పుడు ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు, 1995లో చనిపోయిన ఆయన అస్థికలు 2012లో అక్కడికే చేరాయి. ఏటా జనవరిలో మార్లవాయి గోండులు ఆ సమాధుల దగ్గర తమ పద్ధతిలో పూజ చేస్తారు. పరాయివాళ్లను కూడా పోయినవాళ్ల వరుసలో చేర్చుకోగల సామర్థ్యం ఆ సంప్రదాయానికి ఉందనడానికి ఇది మంచి నిదర్శనం.

ఈ విధులు నేటికీ బహిరంగంగా కనిపించేది కేస్లాపూర్‌లో. పుష్య అమావాస్యకు గోండుల్లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరకు ముందు, ఆ వంశంవారు గోదావరిలోని హస్తలమడుగుకు కాలినడకన వెళ్లి నీళ్లు తెస్తారు. తిరిగి వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసినప్పుడు, వంశంలో ఇటీవల చనిపోయినవారి పేర తూమ్ పూజ చేస్తారు. తరువాత గుడిలో నాగోబాకు మహాపూజ, ఆ పైన భేటింగ్, అంటే వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేయడం. తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని, వృద్ధ స్త్రీల వెంట వరుసగా వచ్చే ఆ కోడళ్లు భేటింగ్ జరిగేదాకా దేవుడి పూజలో పాల్గొనడానికి అర్హులు కారు. కొన్ని రోజుల తేడాతో ఒకే చోట పోయినవారి పేర్లు వంశదేవుడికి చేరతాయి, వచ్చినవారి పేర్లూ చేరతాయి. గోండు దృష్టిలో దుఃఖానికి అర్థం ఈ లెక్క సరిచూసుకోవడంలోనే ఉంది.

ఇదంతా 20వ శతాబ్దంలో బాగా దెబ్బతిన్నది. సినిమా వచ్చింది, పోషక కులాల యువకులు పట్నాలకూ బొంబాయి, భివండీ, సూరత్ మగ్గాలకూ పోయారు, త్యాగం ఇచ్చే చేతులు తగ్గాయి, మిరాశి ఊళ్ల జాబితా కాగితంగా మిగిలింది. పటాలు గీయించుకునేవారు లేక నకాషీలు చిన్న చిన్న చిత్రాలకూ గోడకు వేలాడే ముఖాలకూ మళ్లారు. కొనేవారికి బొమ్మ చేరింది, కథ చేరలేదు. మధ్యప్రదేశ్‌లో దీనికి తలకిందులుగా జరిగింది: అక్కడి ప్రధాన్ యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్ చేరి, తమ పాటల్లోని దేవతలను కాగితం మీద బొమ్మలుగా మార్చి ప్రపంచానికి పరిచయం చేశాడు. రెండుచోట్లా బొమ్మ, కథ విడిపోయాయి. సిరిసిల్లలో 1990ల చివరా 2000ల మొదట్లోనూ నేతకార్మికుల ఆత్మహత్యలు వరుసగా జరిగినప్పుడు, చావును గెలిచిన మార్కండేయుడి సంతతి ఇళ్లకు ఆ కథను తీసుకువచ్చి, త్యాగం అడిగే హక్కుతో వాకిట కూర్చునే కూనపులివారు అప్పటికే చాలా అరుదైపోయారు. ఆ ఇళ్లకు వెళ్లినవి నష్టపరిహారపు ఫారాలు, పత్రికల కెమెరాలు. పటం విప్పడం వల్ల ఆ ప్రాణాలు తిరిగి వచ్చేవని ఎవరూ అనరు. కాని ఒక కులం తన చావులను తానే చెప్పుకోగల భాషను సరిగ్గా అవసరమైన వేళకు కోల్పోవడం మామూలు నష్టం కాదు.

ఆదిలాబాద్‌లో కొత్త చావులకు కొత్త తిథులు ఏర్పడిన తీరు కూడా గమనించదగ్గది. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిన కుమ్రం భీమ్ వర్ధంతిని గోండులు ఆశ్వయుజ పౌర్ణమి నాడు, తమ పద్ధతిలో, పూర్వికుడికి చేసినట్టు జరుపుతారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు చనిపోయినవారు అధికారిక లెక్క ప్రకారం 13 మంది, పౌరహక్కుల సంఘాల లెక్కల్లో అంతకు చాలా రెట్లు. వారి పేర కట్టిన స్తూపం ఒకసారి ధ్వంసమై మళ్లీ లేచింది. ఏళ్ల తరబడి ప్రతి ఏప్రిల్ 20నా అక్కడ నిషేధాజ్ఞలు అమలు చేసి, బంధువులను కూడా రానివ్వలేదు. భీమ్ చావుకు పౌర్ణమి ఉంది, కాబట్టి అది పండుగల వరుసలో ఇమిడిపోయింది. ఇంద్రవెల్లి చావులు మాత్రం ఇంగ్లీషు తేదీకే కట్టుబడి, రాజ్యం అనుమతి కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఇళ్లలో ఎవరి గోత్రం ప్రకారం వారు తమ మృతులను పెర్సా పేన్‌కు అప్పగించి ఉంటారు, దానికి పోలీసు అనుమతి అక్కరలేదు. అందరినీ కలిపి ఒకచోట తలచుకునే విధికి మాత్రం ఏ ఒక్క గోత్రపు ప్రధాన్‌కూ మిరాశి లేదు, ఎందుకంటే ఆ రోజు నేలకొరిగినవారు వేరువేరు సగలవారు. అందుకే ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కూడా ఆ స్తూపం దగ్గర పూజకు ఆంక్షలు తొలగించాలనీ, మృతుల కుటుంబాలను గుర్తించాలనీ గోండు సంఘాలు ఏటా అడుగుతూనే వచ్చాయి.